హుషారు కోసం మార్పులు చేసిన పాత హెరాల్డ్ కారు: తుక్కు ధరకు ఇచ్చేయాలా, పాత రూపానికి తెచ్చి అమ్మాలా?

ముందు ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక మిత్రుడు అడిగారు. నిరుడు కాలం చేసిన వాళ్ల బాబాయి గారికి 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. దానికి రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు (గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకు అందించేవి; ఎస్‌యూ వాటి బ్రాండు) పెట్టారు, సిలిండర్లలో ఒత్తిడి (కంప్రెషన్) పెరగడానికి వాటి పై మూత, అంటే సిలిండర్ హెడ్, చెక్కించారు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేశారు. కరెంటు తయారీకి పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించారు. చక్రాలు వెడల్పువి, సైలెన్సర్ వేరేది. టాపు విప్పి తెనాలి ఇంట్లో దాచారు. ఆదివారం తెల్లవారుజామున కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద నడపడం ఆయనకు ఇష్టం. ఇప్పుడు పిన్ని గారు అమ్మేయమంటున్నారు. ఒక బ్రోకరు "మార్పులు చేసిన బండి, తుక్కు ధర కంటే రాదు" అన్నాడట. మరొకరు "అన్నీ పాత పద్ధతికి మార్చి వింటేజ్ కారుగా అమ్మితే రెట్టింపు వస్తుంది" అన్నారట. ఎవరి మాట వినాలన్నది ప్రశ్న.

ఇద్దరి మాటా వినకండి. కారును ఇప్పుడున్న రూపంలోనే అమ్మండి. ఏమేం మార్చారో దాచకుండా కాగితం మీద రాసి, విప్పిన పాత భాగాలన్నీ కారుతోనే ఇచ్చి, నడపడం కోసం కొనేవారికి అమ్మండి. టాపు ఒక్కటి మాత్రం తిరిగి బిగించండి. అన్నిటికంటే ముందు ఆర్‌సీ సంగతి తేల్చుకోండి. ఆర్‌సీ సరిగా లేకపోతే, మిగతా సలహాలు ఎన్ని పాటించినా అమ్మకం జరగదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా పాత కార్ల ఇంజన్లు, సస్పెన్షన్ పనులు చేస్తున్నాను. అమ్మేవారి తరఫునా కొనేవారి తరఫునా బండ్లు చూసి పెట్టాను. హెరాల్డ్ మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొదట ఇది ఎలాంటి కారో తెలుసుకోండి, ఎందుకంటే కొనేవారికి అది మీకంటే బాగా తెలిసి ఉంటుంది. హెరాల్డ్ అసలు స్పోర్ట్స్ కారు కాదు. 1959లో ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ తెచ్చిన కుటుంబ కారు. రూపకల్పన ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టిది. 1961 నుంచి మన మద్రాసులో తయారైంది. ఇంజను 948 సీసీ. అయితే దీని చాసిస్‌నే పొట్టిగా చేసి ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీశారు. అందుకే దీనికి రెండు కార్బ్యురేటర్లు పెట్టడం, డిస్కు బ్రేకులు వేయడం ఎవరో మొండిగా చేసిన అతుకుబొతుకు పని కాదు. ఒకే కుటుంబంలోని కారు నుంచి తెచ్చుకున్న మార్పులు అవి. మద్రాసు శివార్లలోని షోలవరం ట్రాక్ మీద హెరాల్డ్‌లు పందేల్లో పరుగెత్తాయి కూడా. మీ బాబాయి గారు చేసిన పనికి ఒక సంప్రదాయం ఉందని కొనేవారితో ధైర్యంగా చెప్పవచ్చు.

ఇప్పుడు వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి. రెండో సలహా ఇచ్చినవారు దీని మీదే ఆశ పెట్టించి ఉంటారు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవడానికి 5,000. పదేళ్ల గడువు ఉంటుంది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. వయసు మాట వరకు మీ కారు సరిపోతుంది. కానీ అదే నిబంధనలో ఇంకో షరతు ఉంది: వాహనం అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. చెక్కించిన హెడ్డు మళ్లీ మందం కాదు. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) పెంచి ఉంటే అదీ తగ్గదు. లక్షలు పోసి కార్బ్యురేటర్లు, బ్రేకులు వెనక్కి మార్చినా పరిశీలించే కమిటీ ఒప్పుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఆ నంబరు వచ్చిన వాహనాన్ని రోజువారీ అవసరాలకు నడపకూడదు. నడపడానికే తయారైన కారును ఆ చట్రంలో ఇరికించడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి మీకున్న దారి మామూలు ఆర్‌సీనే. అక్కడ మూడు ముళ్లు విప్పాలి.

మొదటిది పేరు. ఆర్‌సీ బాబాయి గారి పేరునే ఉంటే, ఆయన లేరు గనుక ఎవరు సంతకం చేసినా అది చెల్లదు. వారసుల పేరు మీదకు మార్చడానికి ఫారం 31 ఉంది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు జత చేసి పిన్ని గారి పేరు మీదకు మార్పించండి. నిబంధన ప్రకారం మరణం సంగతి 30 రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటింది కాబట్టి ఆలస్యానికి రుసుము పడుతుంది, కట్టేయండి. వాళ్ల అమ్మాయి అమెరికాలో ఉన్నారని రాశారు. ఆమె అంగీకార పత్రం అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపడానికి సమయం పడుతుంది, ఆ పని ఈ వారమే మొదలుపెట్టించండి. "ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే బ్రోకరు తగిలితే అక్కడితో మాట ఆపండి.

రెండోది గడువు. సొంత కారు ఆర్‌సీ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. పాత మూడక్షరాల నంబర్ల కార్ల వివరాలు చాలా చోట్ల కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. ఆన్‌లైన్‌లో మీ నంబరు కొట్టి చూడండి. రాకపోతే పాత పుస్తకం పట్టుకుని గుంటూరు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి ముందు ఆ నమోదు చేయించండి. 15 ఏళ్లు దాటిన కారు ఇక తుక్కే అన్న ప్రచారం మీ బ్రోకరు నోట కూడా వచ్చి ఉంటుంది. మన రాష్ట్రంలో అలాంటి బలవంతం లేదు. తనిఖీలో నెగ్గి, పొడిగించుకున్న సొంత కారును నిక్షేపంగా నడుపుకోవచ్చు.

మూడోది, మార్పులు చేసిన కార్లకు అసలైన చిక్కు: ఆర్‌సీలో రాసినదీ కారు మీద ఉన్నదీ ఒకటి కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అందుకని ఇంజను నంబరు, చాసిస్ నంబరు, బాడీ రకం, సీట్లు, రంగు ఒక్కొక్కటీ ఆర్‌సీతో సరిపోల్చండి. చాసిస్ నంబరు మీద మట్టి, పాత పెయింటు పేరుకుని ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోండి. ఉప్పుకాగితంతో మాత్రం రుద్దకండి. అంకె అరిగిందంటే అనుమానాలు మొదలవుతాయి.

మీకు తప్పక అడ్డొచ్చేది బాడీ రకం. ఆర్‌సీలో టాపు ఉన్న కారు, తనిఖీకి వచ్చేది టాపు లేని కారు. ఇక్కడ మీ అదృష్టం ఏమిటంటే హెరాల్డ్ బాడీ ముక్కలుగా బోల్టులతో బిగించినది, టాపు కూడా అంతే. తెనాలి నుంచి టాపు తెప్పించి కొత్త రబ్బరు బీడింగుతో బిగించండి. బిగించేటప్పుడు తలుపుల చుట్టూ సందు పైనా కిందా సమానంగా వస్తోందో లేదో చూడండి. రాకపోతే చాసిస్ ఎక్కడో కుంగిందనో, తుప్పు తిన్నదనో అర్థం. ఆ టాపును ఎవరైనా విడిగా అడిగితే ఎంత ఇస్తామన్నా ఇవ్వకండి.

ఇంజను నంబరు కలిసిందంటే సగం బరువు దిగినట్లే. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక పాత ఫియట్ వచ్చింది. మేలైన బాడీ, చూడముచ్చటైన సీట్లు. కానీ లోపల ఉన్నది మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజను, కాగితాల్లో ఉన్నది పెట్రోలు. ఒరిజినల్ ఇంజను ఎప్పుడో తుక్కులోకి వెళ్లిపోయింది. కొనడానికి వచ్చినవారంతా కారును మెచ్చుకున్నారు, కాగితాలు చూసి వెళ్లిపోయారు. మీ కారులో ఉన్నది అదే ఇంజను, దాని మీద మెరుగు పెట్టారంతే. ఈ తేడా చాలా పెద్దది. ప్రకటనలో మొదటి వాక్యంలోనే రాయండి.

ఇక మార్పుల్లో ఏవి ధర నిలబెడతాయి, ఏవి తగ్గిస్తాయి? నేను చూసేది ఒక్కటే: వెనక్కి తీయగలమా, లేదా. కార్బ్యురేటర్లు, ఆల్టర్నేటర్, సైలెన్సర్, చక్రాలు అన్నీ బోల్టు విప్పితే వచ్చేవి. పాత ఒంటి కార్బ్యురేటర్, డైనమో, ఇనుప చక్రాలు అట్టపెట్టెలో ఉంటే కొనేవారికి అభ్యంతరం ఉండదు. వెడల్పు చక్రాల కోసం మడ్‌గార్డు అంచులు కోసి ఉంటే, అదనపు మీటర్ల కోసం డాష్‌బోర్డు చెక్కకు రంధ్రాలు పెట్టి ఉంటే, అవి ధర తగ్గించేవే. ముందే చెప్పేయండి, ఫొటోలు పెట్టండి. డిస్కు బ్రేకులు, సీటు బెల్టులు, గట్టి ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు లాంటివి పందెం కార్లను ఇష్టపడేవారే కాదు, ఒరిజినల్ కావాలని పట్టుబట్టేవారూ కాదనరు. మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. వాల్వులు ఆనే సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే. పాత పోత ఇనుప హెడ్డులో మామూలు సీట్లుంటే వేగంగా నడిపినప్పుడు వాల్వులు లోపలికి అరిగిపోతాయి. హెడ్డు చెక్కించినప్పుడే లేత్ మీద గట్టి సీట్లు కూడా వేయించారేమో బాబాయి గారి మెకానిక్కును అడగండి. బిల్లు దొరికితే బంగారం.

పెట్రోలు పైపుల మాట కూడా. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దానికి మెత్తబడి ఉబ్బి చిట్లుతుంది. కారు కొన్ని నెలలుగా కదలలేదు కాబట్టి, స్టార్టు చేయడానికి ముందే ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయించి, ఇథనాల్‌కు తట్టుకునే కొత్త పైపులు వేయించండి. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర లేదు. ఇది అమ్మకం కోసం కాదు, ప్రాణాల కోసం చెబుతున్నాను.

అమ్మకానికి ముందు ఈ మూడు చోట్ల తప్పక చూపించండి. హెరాల్డ్ తెలిసిన కొనుగోలుదారు వచ్చీ రాగానే చూసేవి ఇవే.

ముందు చక్రాల కింద ట్రనియన్ అనే కంచు భాగం ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ దాని మరల్లో తిరుగుతుంది. అందులో వేయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేరు ఆయిల్. మన మెకానిక్కుల్లో ఎక్కువమంది అలవాటుగా గ్రీజు గన్నుతో గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు గట్టిపడి లోపలికి దిగదు, నీళ్లు చేరతాయి, కడ్డీ మరల దగ్గర తుప్పు పట్టి ఒక రోజు విరుగుతుంది. చక్రం లోపలికి మడిచిపెట్టుకుపోతుంది. జాకీ వేసి ఆ కింది రబ్బరు సీలు దగ్గర వేలుతో తుడిచి చూడండి. నల్లటి గట్టి గ్రీజు వస్తే రెండు వైపులా విప్పించి, కడ్డీ మరలు శుభ్రం చేయించి, పగుళ్లున్నాయేమో పరీక్ష చేయించండి. పలుచని నూనె తడి కనిపిస్తే, చూసుకున్న మనిషికి ఈ కారు సంగతి తెలుసన్నమాట. ఆ ఒక్క తడి చూసి బేరం మానేసి ధర ఒప్పుకున్నవారిని నేను ఎరుగుదును.

రెండోది క్రాంకు, అంటే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు. ఒకరిని లోపల కూర్చోబెట్టి క్లచ్ తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి ముందున్న క్రాంకు పుల్లీ వంక చూడండి. హెరాల్డ్‌లో ముందు భాగమంతా ఒకే ముక్కగా లేస్తుంది, చూడటం సులువు. క్లచ్ తొక్కగానే పుల్లీ కంటికి ఆనేంతగా ముందుకు జరిగితే క్రాంకు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే లోపలి థ్రస్ట్ వాషర్లు అరిగాయి. ఈ ట్రయంఫ్ ఇంజన్లకు అది పుట్టుకతో వచ్చిన బలహీనత. నిర్లక్ష్యం చేస్తే క్రాంకూ బ్లాకూ రెండూ పాడవుతాయి. వాషర్ల ఖర్చు చిన్నది, ఆయిల్ సంపు విప్పి మార్చవచ్చు.

మూడోది వెనక సస్పెన్షన్. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది ధర గురించి కాదు.

హెరాల్డ్ వెనక చక్రాలు విడివిడిగా ఊగుతాయి. ఒక్కో యాక్సిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) డిఫరెన్షియల్ దగ్గర, అంటే మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె దగ్గర, మాత్రమే మడుస్తుంది, అడ్డంగా ఒకే లీఫ్ స్ప్రింగు. నిదానంగా నడిపితే గతుకుల్లో హాయిగా ఉంటుంది. కానీ మలుపులో వేగంగా వెళ్తూ, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే కారు వెనక భాగం పైకి లేస్తుంది, మలుపు బయటి వైపున్న చక్రం మడమ మెలిక పడ్డట్టు లోపలికి మడుచుకుంటుంది. టైరు నేలను పూర్తిగా ఆనదు, తోక బయటికి కొట్టుకుపోతుంది. మామూలు హెరాల్డ్‌కు అంత వేగం అందుకోవడమే కష్టం. ఇంజను పదును పెట్టిన మీ కారు ఆ వేగాన్ని సులువుగా అందుకుంటుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ట్రయంఫ్ సంస్థే 1970లో స్పిట్‌ఫైర్ వెనక స్ప్రింగు పద్ధతిని మార్చింది. మన దేశంలోనూ 1972లో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గజెల్‌కు మామూలు గట్టి యాక్సిల్ పెట్టారు.

మీ బాబాయి గారు కోటప్పకొండ మలుపుల్లో అన్నేళ్లు నడిపారంటే వెనక కూడా ఏదో చేసే ఉంటారు. స్ప్రింగు ఎత్తు తగ్గించి ఉండవచ్చు, చక్రాలు లోపలికి మడవకుండా ఆపే అదనపు కడ్డీ వేసి ఉండవచ్చు. లేదా మలుపులో యాక్సిలరేటర్ వదలకూడదని ఆయన పాదానికి తెలిసి ఉండవచ్చు. మొదటి రెండూ అయితే కారుతో పాటు కొన్నవారికి వెళ్తాయి. మూడోది ఆయనతోనే పోయింది. కాబట్టి కింద ఏముందో కారును పిట్ (దిగి అడుగు భాగం చూసే గొయ్యి) మీద పెట్టించి చూసి, కొనేవారికి నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. "ఇది తెలిస్తే భయపడి వెనక్కి పోతారేమో" అని మీకు అనిపించవచ్చు. తెలిసినవారు పోరు. తెలియనివారు తెలియకుండా కొనడం కంటే పోవడమే మేలు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ సంగతి చెప్పకుండా తాళాలు ఇవ్వడానికి నా మనసు ఎప్పుడూ ఒప్పుకోలేదు. అలాంటి అమ్మకంలో నేను మధ్యలో ఉండనని మొహం మీదే చెప్పాను.

ఒక ఫైలు తయారు చేయండి. మార్పులు చేసిన కారుకు ధర వచ్చేది మార్పుల వల్ల కాదు, వాటి మీద కొనేవారికి కలిగే నమ్మకం వల్ల. ఏ భాగం, ఎక్కడ చేయించారు, సుమారు ఏ సంవత్సరం, పాత భాగం ఉందా లేదా అన్నవి వరుసగా రాయండి. లేత్ బిల్లులు, విడిభాగాల రసీదులు, బాబాయి గారు చేతితో రాసుకున్న సర్వీసు పుస్తకం లాంటివి అల్మరాల్లో వెతకండి. బోరు ఎంత పెంచారు, పిస్టన్లు ఏ ఓవర్‌సైజు, క్రాంకు గ్రైండింగ్ అయిందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించి కాగితం మీద రాయించండి. అంకె ఎంతన్న దానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తాజాది పెట్టండి. ఈ వయసు పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం లోపు ఉండాలి. జంట కార్బ్యురేటర్లు సరిగా కలిపితే సులువుగానే వస్తుంది.

ఆ కలపడం తెలిసినవారి చేతే చేయించండి. రెండు ఎస్‌యూలు ఒకే మోతాదులో గాలి పీల్చాలి. నేనైతే ఎయిర్ ఫిల్టర్లు తీసి, సన్నని రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి వింటాను. రెండింటి బుసా ఒకే స్థాయిలో వినిపించేదాకా స్క్రూలు సవరిస్తాను. కార్బ్యురేటర్ల పైనున్న డాష్‌పాట్‌లు అనే చిన్న నూనె గదుల్లో పలుచని ఆయిల్ ఉందా అన్నదీ చూడాలి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది, కొనేవారు దాన్ని పెద్ద జబ్బు అనుకుంటారు.

ధర ఎంత అడగాలి? కారు చూడకుండా అంకె చెప్పడం మీకు మేలు చేయదు. లెక్క మాత్రం ఇలా వేయండి. ఇదే కాలపు, నడిచే స్థితిలో ఉన్న, మార్పులు లేని హెరాల్డ్‌లు చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపు నిజంగా ఎంతకు చేతులు మారాయో నలుగురిని అడిగి కనుక్కోండి. ప్రకటనల్లో అడిగే ధర వేరు, చేతులు మారిన ధర వేరు. అందులోంచి తుప్పు పనికీ, దొరకని పాత భాగాలకూ తీసేయండి. కాగితాలన్నీ పూర్తయి ఉంటే కొంత కలపండి. మార్పులకు పెట్టిన ఖర్చు మాత్రం కలపకండి, అది తిరిగి రాదు. డిస్కు బ్రేకులకు విదేశం నుంచి తెప్పించిన ఖర్చు రసీదు చూపించినా, కొనేవారు దాన్ని మెచ్చుకుంటారు గానీ పైసకు పైస ఇవ్వరు. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇలాంటి కారునే అమ్మకానికి ముందు ఒరిజినల్‌గా మార్చాలని పూనుకున్నారు. సగంలో డబ్బు అయిపోయింది, విప్పిన మంచి భాగాలు ఎవరెవరికో వెళ్లిపోయాయి. చివరికి అటు నడిచే కారూ కాక, ఇటు ఒరిజినలూ కాక, అసలు వచ్చేదానికంటే తక్కువకే పోయింది. కారు నాకు బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కొనేవారు ఎక్కడ దొరుకుతారు? గుంటూరు, విజయవాడల్లో ఆసక్తి ఉన్నవారు లేకపోలేదు కానీ తక్కువ. హెరాల్డ్ పుట్టిల్లు మద్రాసు, విడిభాగాలకు పుదుపేట బజారు అక్కడే ఉంది, పాత కార్ల క్లబ్బులు అక్కడ బలంగా ఉన్నాయి. కోయంబత్తూరు మోటారు పందేలకు పేరున్న ఊరు. రెండు చోట్లకూ మీ ప్రకటన చేరాలి. ఫొటోలు తెల్లవారు వెలుగులో తీయండి. పైన మెరుపు చూపించే ఫొటోలు రెండు చాలు. పిట్ మీద పెట్టి చాసిస్ పక్క కడ్డీలు, డిక్కీ నేల, తలుపుల అడుగు, బ్యాటరీ కింది రేకు తీసినవి ఎక్కువ పెట్టండి. ఉదయం చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టు అవుతున్న వీడియో ఒకటి కత్తిరించకుండా పెట్టండి. వీలుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చూపించండి. మే నెల బెజవాడ ఎండలో కంప్రెషన్ పెంచిన పాత ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు పైపులోనే ఆవిరై దారిలో ఆగిపోతుంది. కారు తప్పు లేకుండా బేరం పోతుంది.

నడిపి చూస్తామంటే ఇన్సూరెన్సు అమల్లో ఉందని చూసుకున్నాకే. మీకు ఈ కారు నడపడం అంతగా రాదన్నారు కాబట్టి, మొదట బాబాయి గారి మెకానిక్కు నడిపి చూపించాలి, కొనేవారు పక్కన కూర్చోవాలి. ఆ తర్వాతే చక్రం వారి చేతికి. జాతీయ రహదారి మీద కాజ టోల్ గేటు వైపు వద్దు, లారీల మధ్య ఎవరూ ఏదీ గమనించలేరు. ఘాట్ రోడ్డు అసలే వద్దు. ఊరి బయట ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు చాలు. బ్రేకు ఒక పక్కకు లాగుతోందా, గేరు జారుతోందా, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ నిలుస్తోందా అన్నవి అక్కడే తెలుస్తాయి.

బేరం కుదిరాక తొందరపడకండి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద కొనేవారి పేరు, తేదీ నింపాకే పిన్ని గారు సంతకం చేయాలి. కారు వేరే రాష్ట్రానికి వెళ్తుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయించండి. రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లో బదిలీ సమాచారం రవాణా శాఖకు చేరాలి. ఇది లాంఛనం అనుకోకండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కారు అప్పగించి నెలలు గడిచినా పేరు మారకపోతే, ఎక్కడో జరిగిన ప్రమాదానికి నోటీసు పిన్ని గారి ఇంటికి వస్తుంది. అప్పగించిన తేదీ, గంట, కిలోమీటర్ల అంకె రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

చెన్నై, కోయంబత్తూరు వారు కొంటే నడుపుకుంటూ వెళ్తామంటారు, ఉత్సాహం అలాంటిది. ఒప్పుకోకండి. చదును వేదిక ఉన్న లారీ మాట్లాడి, తాళ్లు చాసిస్‌కు కట్టించి పంపండి. సస్పెన్షన్ కడ్డీలకు కడితే దారిలో గతుకులకు వంగిపోతాయి. పాత భాగాల పెట్టెకు జాబితా రాసి, లారీ ఎక్కించేటప్పుడు కొనేవారితో సరిచూపించి సంతకం తీసుకోండి. పిట్ మీద తీసిన ఫొటోలు, చాసిస్ నంబరు ముద్ర ఇక్కడ పెడితే చూసి చెబుతాను. నంబరులో చివరి అంకెలు కనబడకుండా కప్పి పెట్టండి.